డ్రిల్లు మాస్టారు చూసిన దెబ్బ

పిడుగురాళ్ల బస్సులో నా పక్కన కూర్చున్న కుర్రాడు ప్యాంటు పైకి మడిచి మోకాళ్లకు నొప్పుల మందు రాసుకున్నాడు. కర్పూరం ఘాటు ముక్కుకు తగలగానే, కానిస్టేబుల్ సెలక్షన్ పరుగుకు తయారవుతున్నవాడని తెలిసిపోయింది. ఆ వాసన నాకు ఎప్పుడూ ఒక్క మనిషినే గుర్తు చేస్తుంది. మా హైస్కూలు డ్రిల్లు మాస్టారు వెంకటరత్నం గారు. ఆయన ఇప్పుడు లేరు.

రిటైరైన తర్వాత కూడా ఆయన రోజూ తెల్లవారేసరికి స్కూలు గ్రౌండులో ఉండేవారు. మా వైపు క్వారీల్లో రాయి కొట్టేవాళ్ల ఇళ్లలో, కౌలు సేద్యం చేసేవాళ్ల ఇళ్లలో ఒక్క పిల్లాడు ఖాకీ చొక్కా వేస్తే ఇంటిల్లిపాదికీ ధైర్యం. ఆ పిల్లలందరినీ ఆయన ఉచితంగా పరిగెత్తించేవారు. ఆయన గ్రౌండులో ఒక నియమం ఉండేది. పరుగులో ఒకడు పడితే అందరూ ఆగాలి. వాడిని లేపాలి. మళ్లీ గీత దగ్గర నుంచి మొదలుపెట్టాలి. విసుక్కున్నవాడిని ఆ రోజుకు ఇంటికి పంపేసేవారు. అందరికంటే ముందు వెనక్కి తిరిగి వచ్చి చెయ్యందించేవాడు, నాతోపాటే పరిగెత్తే శ్రీను. మాస్టారికి వాడంటే ప్రాణం. సెలక్షన్లో వాడు నెగ్గాడు, నేను ఎత్తు చాలక తిరిగొచ్చాను. "ఒరేయ్, కొలబద్ద నీ నెత్తి మీద ఆగిందిగానీ లోపలికి దిగలేదుగా. పోయి లైబ్రరీలో కూర్చో," అన్నారు మాస్టారు. నవ్వుతూనే అన్నారు. నేను నిజంగానే పోయి కూర్చున్నాను. ఇంటర్‌తో ఆగిన నా చదువు మా శాఖా గ్రంథాలయంలో మళ్లీ మొదలైంది. చట్టాల పుస్తకాలు అర్థమయ్యేదాకా చదివాను. అది నేను గర్వంగానే చెప్పుకుంటాను.

ఒక మధ్యాహ్నం సెంటర్లో మా వీధి కోటయ్య ట్రాక్టరు టైరు పంచరై ఆగిపోయింది. వెనక పోలీసు జీపు. అందులోంచి దిగింది మా శ్రీనే. మాటకు మాట పెరిగింది. శ్రీను అతన్ని చెంప మీద కొట్టాడు. కోటయ్య కింద పడ్డాక లాఠీ తీశాడు. కూరగాయల సంచితో అటే వస్తున్న మాస్టారు మధ్యలోకి వెళ్లారు.

"ఏరా శ్రీనూ, కింద పడ్డోణ్ణి కొడతన్నావేందిరా?"

"మీరు పక్కకి జరగండి మాస్టారూ. డ్యూటీలో ఉన్నా."

"ఏ డ్యూటీరా ఇది? నేను నేర్పిందేనా?"

శ్రీను జీపెక్కాడు. చుట్టూ ఉన్న జనం అప్పటికే ఎవరి దుకాణంలోకి వాళ్లు వెళ్లిపోయారు. ఇదంతా ఆ సాయంత్రం మాస్టారు చెబితే విన్నాను. కోటయ్యకు ఎడమ చెవి వినిపించకుండా పోయింది.

ఆ వారమంతా నేను ఉత్సాహంగా ఉన్నానంటే ఇప్పుడు వింతగా ఉంటుంది. చదివింది పనికొచ్చే రోజు వచ్చిందనుకున్నాను. స్టేషన్లో వినకపోతే జిల్లా పోలీసు అధికారికి రాయవచ్చు, అక్కడా వినకపోతే నేరుగా కోర్టుకే వెళ్లవచ్చు, ముందు డాక్టరు చేత గాయం రాయించుకోవాలి అని కోటయ్యకు వివరించాను. సెంటర్లో కెమెరా ఉంది కదా అంటే, ఆ రోజు పని చేయలేదని చెప్పారు. ఇక మిగిలిన సాక్ష్యం మాస్టారి కళ్లే. శ్రీను ఆయన ఇంటికి వచ్చి గడప దగ్గర నేల మీద కూర్చున్నాడు. నేను అక్కడే ఉన్నాను.

"కొట్టకపోతే చేతగానోడంటారు మాస్టారూ స్టేషన్లో. మీరు సాక్ష్యం చెప్తే నా ఉద్యోగం పోద్ది."

"చేసింది ఒప్పుకోరా. నీ పక్కన కూడా నేనే నిలబడతా."

"ఒప్పుకుంటే మిగిలేది ఏముంది?" అని వాడు లేచి వెళ్లాడు.

ఆయన వాంగ్మూలం ఇవ్వడానికి సిద్ధమైన రోజున కోటయ్య రాలేదు. ఇంటికి వెళ్లాం. ట్రాక్టరు మీద నుంచి జారిపడ్డానని స్టేషన్లో రాసిచ్చి వచ్చేశాడట. పెద్దమనుషులు దగ్గరుండి రాజీ చేశారట. అతని భార్య మాస్టారికి దణ్ణం పెట్టి, "ఇంక వదిలెయ్యండయ్యా," అని లోపలికి వెళ్లిపోయింది.

"జారిపడ్డావంటరా నువ్వు?" అన్నారు మాస్టారు.

కోటయ్య కుడి చెవి ఇటు తిప్పి విన్నాడు. "మీరు ఒక్కరోజు వచ్చి నిలబడతారు మాస్టారూ. నేను రోజూ ఆ రోడ్డు మీదే బండి తోలాల. ఇంకో చెవి ఉందిలే, దాన్నన్నా మిగుల్చుకుంటా."

అతన్ని నేను తప్పు పట్టలేదు. మాస్టారు మాత్రం ఒక్కరే స్టేషనుకు వెళ్లి తాను చూసింది చెప్పి వచ్చారు. దెబ్బ తిన్నవాడే జారిపడ్డానంటుంటే మధ్యలో మీకేంటి పెద్దాయనా అని పంపేశారు. మర్నాటి నుంచి ఆయన గ్రౌండుకు వెళ్లలేదు. పిల్లలు ఇంటికి వచ్చి బతిమాలితే, "మీ కాళ్లకైతే నేర్పగలనురా, చేతులకు నేర్పలేను," అన్నారు. ఆ తర్వాత ఎక్కువ కాలం లేరు. ఆయన చావుకు శ్రీను వచ్చాడు. పాడె మోశాడు. ఎవరూ వద్దనలేదు.

ఇప్పుడు నేను గ్రంథాలయం అరుగు మీద జనానికి అర్జీలు రాసిపెడుతుంటాను. పోలీసు దెబ్బలతో వచ్చినవాళ్లను ఎవరు చూశారని అడుగుతాను. ఊరంతా చూసిందంటారు. ఒక్క పేరు చెప్పండంటే నేల చూస్తారు. పోయిన నెల క్రోసూరు వెళ్లే దారిలో, బండి ఆపిన చోట ఒకతన్ని పోలీసులు కాలరు పట్టుకుని కొడుతున్నారు. బస్సు దిగి దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. ఎందుకు కొడుతున్నారని అడిగాను. వాళ్లు నా వైపు చూడనైనా లేదు. చూసింది దెబ్బలు తింటున్నతనే. పెదవి చిట్లి ఉంది.

"నువ్వు పో అన్నా," అన్నాడు. "నువ్వున్నావని ఇంకో రెండు ఎక్కువ పడతయ్."

నేను ఉండడం వల్ల దెబ్బలు తగ్గుతాయో, పెరుగుతాయో, నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు. మాస్టారిని అడగడానికి ఆయన లేరు. వెళ్లలేక అక్కడే నిలబడి చూస్తూ ఉన్నాను. అతను నాకు కనిపించకుండా ముఖం అటు తిప్పుకున్నాడు.