సలీం భాయ్ పెట్టిన బొట్టు

కొత్త హైడ్రాలిక్ ఆయిల్ డబ్బా మూత తిప్పి, లోపలి రేకు కాగితాన్ని స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే ఒక వాసన వస్తుంది. పెట్రోలులా ముక్కుకు కొట్టదు, డీజిలులా తల తిప్పదు. మా షెడ్డులో పనిచేసేవాళ్ళెవరికీ అదసలు వాసన కిందే లెక్క కాదు. నాకు మాత్రం అది తగిలితే చాలు, రావులపాలెం రోడ్డు పక్కనున్న నా షెడ్డులోంచి వెళ్ళి బహ్రెయిన్‌లో, తుబ్లీలో, ఒక రేకుల షెడ్డులో పడతాను. ఉక్కకు చొక్కా వీపుకు అతుక్కుని ఉంటుంది. ఆటుకు నీళ్ళు వెనక్కి పోయిన సముద్రపు పాయ నుంచి నీచు వాసన వస్తుంటుంది. ట్రాక్టరు కింద నుంచి రెండు కాళ్ళు మాత్రమే కనబడుతుంటాయి, ఆ కాళ్ళ యజమాని సలీం భాయ్ పాడుతుంటాడు. ఆయన గొంతు బాగుండదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు కనుకనే ట్రాక్టరు కింద దూరాక తప్ప పాడేవాడు కాదు.

సలీం భాయ్‌ది జగిత్యాల. తొంభైల మొదట్లో నేనక్కడికి వెళ్ళేసరికే ఆయన ఆ షెడ్డుకు పెద్ద మేస్త్రీ. షెడ్డు యజమాని, అక్కడ పనిచేసేవాళ్ళందరికీ వీసా ఇచ్చి పెట్టుకున్న కఫీల్, అబూ యూసుఫ్ అనే బహ్రెయినీ. ఆయనకు షెడ్డుతో పాటు హమద్ టౌన్ దాటాక ఒక ఖర్జూరపు తోట కూడా ఉండేది. సలీం భాయ్‌ది భారీ పొట్ట. తోటల్లో వాడే చిన్న ట్రాక్టర్ల కింద దూరాలంటే ముందు గట్టిగా ఊపిరి వదిలి, పొట్టను లోపలికి లాక్కుని, అప్పుడు జారేవాడు. బయటికి రావడానికి మాత్రం ఎవరో ఒకరు కాళ్ళు పట్టుకుని లాగాలి. చాలా ఏళ్ళు ఆ లాగే పని నాదే.

అంతకుముందు నాకు ఆ షెడ్డుతో సంబంధమే లేదు. నేను తోటపని కంపెనీ మనిషిని. జుఫైర్‌లో ఒక హోటలు ముందున్న పచ్చికను చిన్న ట్రాక్టరుతో కోయడం, మట్టి మోయడం నా డ్యూటీ. ఒకరోజు ఆ ట్రాక్టరు మొరాయిస్తే పికప్‌లో ఎక్కించుకుని తుబ్లీ తీసుకెళ్ళాను. సలీం భాయ్ కింది బిరడా విప్పి, కారిన పాత నూనెను ఒక చాయ్ గ్లాసులో పట్టి నా ముఖం ముందు పెట్టాడు. తేనె రంగులో ఉండాల్సిన నూనె అచ్చం పాలు కలిపిన చాయ్‌లా ఉంది.

"తాగుతవా?" అన్నాడు.

"వద్దండి."

"మరి దీనికెందుకు తాపినవ్? ట్రాక్టరుకు తానం చేపియ్యాలె గని, తాగనీకి నీళ్లు పెట్టుమని ఎవడు చెప్పిండు నీకు?"

మురికి పోవాలని రోజూ పైపుతో మీద నీళ్ళు కొట్టేవాణ్ణి. పగిలిన మూతలోంచి ఆ నీళ్ళు లోపలికి దిగాయట. "తెలీదండి. ఇక నుంచి అలా చెయ్యనండి" అన్నాను. ఆయన నూనె సంగతి వదిలేసి నన్ను వింతగా చూశాడు. "ఒక్కో మాటకు ఒక్కో అండి పెడ్తున్నవు. కోనసీమోనివేనా?" ఆయ్ అన్నాను. మా వైపు అవునంటే అదే. దానికి ఆయన నవ్విన నవ్వు ఇప్పటికీ చెవుల్లో ఉంది. అప్పటి నుంచి సత్తి అనే నా పేరు పక్కన పెట్టి, నన్ను చూస్తే చాలు, "ఆయ్ వచ్చిండు" అని షెడ్డు మొత్తానికీ చాటేవాడు. నాకు కోపం రాలేదు. పరాయి దేశంలో ఒక మనిషి మనల్ని ఏడిపిస్తున్నాడంటే మనకు అక్కడ ఒక చోటు దొరికినట్టే అనిపించింది. ఆ తర్వాత శుక్రవారాలు సెలవైనా క్యాంపులో పడుకోకుండా తుబ్లీ వెళ్ళి ఆయన పక్కన కూర్చునేవాణ్ణి. చూడగా చూడగా ఎప్పుడో పానా నా చేతికి వచ్చింది.

రెండో వేసవిలో మా తోటపని కంపెనీకి హోటలు కాంట్రాక్టు పోయింది. అందరినీ ఇంటికి పంపేస్తామన్నారు. వేరే కఫీల్ మమ్మల్ని తీసుకుంటానంటే మాత్రం వదిలిపెడతారట. అప్పుడు తెలిసింది నాకు, నేను ఎంత గట్టిగా ఆ షెడ్డును పట్టుకుని ఉన్నానో. ఇంటికి వెళ్ళడానికి బాధ లేదు. కానీ వెళితే గడ్డి కోయడం తప్ప ఏమీ రాని మనిషిగా వెళతాను. చేతికి ఒక పని అంటుతున్న సమయంలో ఆ పనిని వదిలి వెళ్ళడం, నోటి దగ్గరి ముద్దను లాగేసుకున్నట్టుంది. సలీం భాయ్‌తో అదే చెప్పాను. ఆయన నన్ను వెంటబెట్టుకుని అబూ యూసుఫ్ దగ్గరికి వెళ్ళాడు.

అబూ యూసుఫ్ సన్నగా, పొడుగ్గా, మాట పొదుపుగా ఉండే మనిషి. మాతో అరబ్బీ, హిందీ కలిపి మాట్లాడేవాడు. నన్ను పైనుంచి కిందకి చూసి, తన తోటలోని చిన్న ట్రాక్టరుకు సర్వీసు చేయించాలని, ఆ పని మొత్తం నేనొక్కణ్ణే చేయాలని, సలీం చెయ్యి పెట్టకూడదని అన్నాడు. బాగా నడిస్తే నా వీసా కాగితాల మీద సంతకం. నడవకపోతే ఖలాస్, ఇంటికి టికెట్టు.

ఆ ట్రాక్టరు తుబ్లీకి వచ్చిన రోజు నాకు పెళ్ళిచూపులకు కూర్చున్నట్టుంది. సలీం భాయ్ మాట ప్రకారం చెయ్యి పెట్టలేదు. పెట్టకుండా ఉండటం కోసం రెండు చేతులూ వెనక కట్టుకుని నా చుట్టూ తిరిగాడు. నోటికి మాత్రం ఎవరూ అడ్డం చెప్పలేదు కదా. "జర వేడి చెయ్యి ఇంజన్ను. సల్లగుంటే నూనె కదలదు, చెత్తంత అడుగుకే ఉంటది." వేడి చేసి, బిరడాలు విప్పి, పాత నూనెను చివరి చుక్క దాకా కారనిచ్చాను. పాత ఫిల్టరు విప్పితే దాని రబ్బరు రింగు ఇంజను పెట్టెకే అతుక్కుని ఉండిపోయింది. దాన్ని చూడకుండా కొత్త ఫిల్టరు బిగించి ఉంటే రెండు రింగులు ఒకదాని మీద ఒకటి కూర్చుని నూనె మొత్తం చిమ్మేసేది. నేను చూశాను. గోటితో గీకి తీశాను. వెనక కట్టుకున్న చేతులు విప్పి సలీం భాయ్ పొట్ట మీద తట్టుకోవడం వినిపించింది. కొత్త రింగుకు వేలితో నూనె రాసి, ఫిల్టరును చేత్తోనే బిగించి, కొత్త నూనె పోసి, ముందున్న బకెట్‌ను పైకీ కిందకీ ఆడించి, మట్టం మళ్ళీ చూసి పోశాను. బకెట్ వెన్న మీద జారినట్టు లేచింది.

అప్పుడు సలీం భాయ్ జేబులోంచి ఒక పొట్లం తీశాడు. కుంకుమ. మనామాలో మనవాళ్ళ సామాన్ల కొట్టుకు వెళ్ళి తెచ్చాడట. "మీ దిక్కు కొత్త పని అయితే బొట్టు పెడ్తరు గదా. మా జగిత్యాలల గూడ ఎన్ని లారీలకు చూడలే నేను." నీళ్ళతో కలిపితే గాలికి ఎండి రాలిపోతుందని, ఆయన దాన్ని గ్రీజులో కలిపాడు. బానెట్ మీద ఒకటి, స్టీరింగ్ మీద ఒకటి, నేను నూనె పోసిన మూత నడినెత్తిన ఒకటి, రూపాయి బిళ్ళంత పెట్టాడు. "గిది నీ చెయ్యి పడ్డ జాగ. దీనికి పెద్దది ఉండాలె" అన్నాడు. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. చెమట అని తుడుచుకున్నాను.

మర్నాడు ఉదయం హమద్ టౌన్ తోటలో అబూ యూసుఫ్ తెల్లటి తోబ్, ఆ పొడుగాటి అరబ్బీ అంగీ, వేసుకుని నిలబడి, ఎరువు కుప్ప చూపించాడు. యల్లా, కానివ్వు అన్నాడు. బకెట్ నిండా ఎరువు ఎత్తాను. మోకాలి ఎత్తుకు లేచింది. అక్కడ ఆగింది. పంపు మూలగడం మొదలుపెట్టింది. లీవర్‌ను ఇంకా లాగాను. మూలుగు ఏడుపు అయింది గాని బకెట్ కదల్లేదు. టికెట్టు కళ్ళ ముందు కనిపించింది నాకు.

సలీం భాయ్ ఇంజను ఆపించాడు. ట్రాక్టరు చుట్టూ ఒకసారి తిరిగాడు. "నిన్న మంచిగనే లేచింది. నిన్నటికి ఇయ్యాల్టికి నడుమ ఏం మారింది?" అని తనలో తనే అనుకున్నాడు. ఆ మాట పూర్తవుతుండగానే ఆయన ముఖం మారింది. మెల్లగా వెళ్ళి, నూనె మూతను సగం చుట్టు తిప్పాడు. లోపలికి గాలి పీల్చుకున్న చప్పుడు, నీళ్ళలోంచి తల ఎత్తిన మనిషి పీల్చినట్టు. ఇంజను వేయమన్నాడు. బకెట్ సాఫీగా పైకి పోయింది.

నూనె సిలిండర్లలోకి వెళుతుంటే దాని చోట్లోకి గాలి రావాలి. అందుకు మూతలో చిన్న రంధ్రం ఉంటుంది. మేము చూసిన ట్రాక్టర్లన్నింటికీ అది మూత పక్కన ఉండేది, దీనికి నడినెత్తిన ఉంది. దాని మీద గ్రీజు కుంకుమ పెద్ద బిళ్ళలా కూర్చుని ఉంది.

అబూ యూసుఫ్ దగ్గరికి వచ్చాడు. బొట్టు వైపు వేలు చూపి, "షినూ హాదా?" అన్నాడు, ఇదేంటని. ఉద్యోగం సంగతి అప్పుడు గుర్తుకు రాలేదు. ఒక ముస్లిం ఇంకొక ముస్లిం ట్రాక్టరుకు కుంకుమ పెట్టాడంటే ఈయన ఎలా తీసుకుంటాడో, సలీం భాయ్‌కి ఏమవుతుందో అని భయం వేసింది. "నేనే పెట్టాను, అర్బాబ్" అనేశాను.

"అబద్ధం చెప్తున్నాడు" అన్నాడు సలీం భాయ్, హిందీలో, తడుముకోకుండా. "ఈ పిల్లగాడు చేసిన పనిలో ఏ తప్పూ లేదు. ఇది మా ఊళ్ళో పనికి పెట్టే దీవెన. పెట్టింది నా చెయ్యి, రంధ్రం మూసింది నా చెయ్యి. ఇరవై ఏళ్ళుగా మేస్త్రీని, మూత చూడకుండా పెట్టాను."

అబూ యూసుఫ్ ఆయన్ని చూశాడు, నన్ను చూశాడు, మళ్ళీ బొట్టును చూశాడు. "దీవెన ఎక్కువైతే ఊపిరి ఆడదు, సలీం" అన్నాడు. అని నవ్వాడు. ఆయన నవ్వగా నేను చూడటం అదే మొదలు. మూత మీద మాత్రమే తుడవమన్నాడు, మిగిలిన రెండూ ఉండనివ్వమన్నాడు. సాయంత్రం పాస్‌పోర్టు తీసుకుని ఆఫీసుకు రమ్మని నాతో చెప్పి, చెప్పులు టపటపలాడించుకుంటూ చెట్ల మధ్యకు వెళ్ళిపోయాడు.

తిరిగి వచ్చేటప్పుడు పికప్‌లో నేనే అడిగాను. "బొటనవేలితో తుడిచేస్తే సరిపోయేది కదండీ. ఆయనకి తెలిసేది కాదు."

"తుడుస్తుంటి. తుడిస్తే ఏమైతుండె? ట్రాక్టరు ఎందుకాగిందో ఆయనకు తెల్వకపోతుండె. ఎవ్వరిది తప్పో తెల్వకపోతే, అది పోయి చిన్నోని మీదనే పడ్తది సత్తీ. నీ మీద పడుతుండె." సిగ్నల్ దగ్గర బండి ఆగాక, "నువ్వు నడుమల నేనే అని ఎందుకు ఒర్రినవ్ రా? ఇంకోసారి నా తప్పు నువ్వు తీస్కున్నవంటే తంత" అన్నాడు. ఆయ్ అన్నాను. ఇద్దరం పగలబడి నవ్వాము. పక్కన ఆగిన కారువాళ్ళు మా వైపు వింతగా చూశారు.

ఆ షెడ్డులో ఆయన కింద చాలా ఏళ్ళు పనిచేశాను. చేతికి పని వచ్చింది, ఆ పనితోనే ఇక్కడ షెడ్డు పెట్టుకున్నాను. సలీం భాయ్ జగిత్యాల వెళ్ళిపోయి, అక్కడే కన్నుమూశాడు. కబురు నాకు ఆలస్యంగా తెలిసింది. చివరిచూపుకు వెళ్ళలేకపోయినందుకు బాధ నాకు ఇప్పటికీ ఉంది. ఆయన నేర్పిన పనుల్లో చాలా వాటికి ఇప్పుడు కొత్త మిషన్లు, కొత్త పద్ధతులు వచ్చాయి. ఒక్కటి మాత్రం మార్చుకోలేదు. బాగుచేసి పంపిన బండి ఏదైనా తిరిగొస్తే, ముందు నా చెయ్యి పడ్డ చోట్లు చూసుకుంటాను. మావాళ్ళ వైపు తర్వాత చూస్తాను.

పోయిన కోతల్లో ఒక రైతు ట్రాక్టరు అలాగే తిరిగొచ్చింది, కింద నుంచి నూనె కారుతూ. రైతు ఒకటే కేకలు. వాన పడేలోగా వరి నూర్చి ఒబ్బిడి చేసుకోవాలి, మబ్బు పట్టి ఉంది, ఆయన బాధ ఆయనది. ఆ బండి మీద నేనూ, నా దగ్గర పనిచేసే వీరబాబూ కలిసి చేశాము. వీరబాబు ముఖం పాలిపోయింది. "నువ్వు వెళ్ళి టీ తాగిరా, ముందు నేను బిగించినవి చూస్తాను" అని చెప్పి కిందకి దూరాను. ఫిల్టరు నాది, బాగానే ఉంది. పక్క బిరడా నాది, అదీ బాగానే ఉంది. మూడోదాని మీద టార్చి వేస్తుండగా నా పక్కన ఇసుకలో ఎవరో పాక్కుంటూ వచ్చిన చప్పుడైంది. వీరబాబు టీకి వెళ్ళలేదు.

"అది నాదండి. వాషరు మర్చిపోయానండి" అన్నాడు. తర్వాత బయటికి వెళ్ళి, నేను అడగకుండానే, రైతుకు కూడా అదే మాట చెప్పాడు. నేను కిందే పడుకుని, పైన కేకలు తగ్గడం వింటూ ఉండిపోయాను. సలీం భాయ్ ఉండి ఇది వినాల్సింది అనిపించింది. కాసేపటికి వీరబాబు కొత్త వాషరు తెచ్చి నా చేతిలో పెట్టబోయాడు. తీసుకోలేదు. నా కాళ్ళు పట్టుకుని బయటికి లాగమన్నాను, వాణ్ణే లోపలికి వెళ్ళి బిగించమన్నాను.