జాలీ వెనక నిమ్మకాయలు

నా లారీకి ఎల్‌ఈడీ హెడ్‌లైట్లు పెట్టించిన కొత్తలో నా నోటికి పట్టపగ్గాలు లేవు. గురజాల రోడ్డు మీద టీ కొట్టు బల్లెక్కి, లైట్లేస్తే కృష్ణా నది అవతల కోళ్ళు తెల్లారిందనుకుని కూస్తున్నాయన్నాను. కల్లంలో మిరపకాయలు నా లైటు సోకి ఒక్క పూటలో ఎండాయన్నాను. నేను కోతలు కోస్తానని అందరికీ తెలుసు. వినడానికే వచ్చేవాళ్ళు.

ఆ లైట్లు పెట్టినవాడు నా చిన్ననాటి స్నేహితుడు. లారీల వైరింగ్ పని అతనిది. మా మధ్య చుట్టరికం లేకపోయినా బావా అనే పిలిచేవాడు. రోడ్డు పక్క రేకుల షెడ్డు, దాని వెనకే కాపురం.

నెల తిరక్కుండానే లైట్లు మొరాయించాయి. హారన్ కొడితే మినుకుమనేవి. ఒక గుంటలో ఆరిపోయి ఇంకో గుంటలో వెలిగేవి. అతను మీటరు పెట్టి బ్యాటరీ చూశాడు, బాగానే ఉంది. రిలే మార్చాడు, లాభం లేదు. లైటు ఊడదీసి నేరుగా బ్యాటరీకి కలిపితే మాత్రం కళ్ళు చెదిరేలా వెలిగింది. అంటే తప్పు లైటుది కాదు, దారిది. వెతుక్కుంటూ పోయి రేడియేటరు ముందుండే జాలీ వెనక, ఎర్త్ వైరు బిగించిన బోల్టు దగ్గర ఆగాడు. కరెంటు వెనక్కి తిరిగిపోవాల్సింది అక్కడినుంచే.

"బావా, ఇదేంది ఇట్టా పచ్చగా చిలుం పట్టింది? ఇక్కడేమన్నా కడుతున్నావా?"

"నేనేం కడతాన్రా? ఉడతేదో ఉచ్చ పోసుంటది."

అతను పకపకా నవ్వి, గరుకు కాగితంతో బోల్టు గీకి బిగించాడు. లైట్లు వెలిగాయి.

నిజానికి నేను కట్టాను. మా వైపు లారీలన్నీ శనివారం శనివారం బంపరుకి నిమ్మకాయా మిరపకాయలూ బాహాటంగానే కట్టుకుంటాయి. కానీ నేను అదే టీ కొట్టులో, దిష్టే నన్ను చూసి దడుచుకోవాలని అని ఉన్నాను. అన్న నోటితో కట్టలేను. అందరి కళ్ళూ ఆ లైట్ల మీదే ఉంటే కట్టకుండా ఉండలేను. అందుకని జాలీ వెనక, ఎవరికీ కనపడకుండా, చేతికందిన ఆ బోల్టుకే కట్టాను. ఇనుప తీగకు గుచ్చిన నిమ్మకాయలు, మిరపకాయలు, పైగా ఘాటు చాలదని నా సొంత తెలివితో రాళ్ళుప్పు మూట ఒకటి. అతని షెడ్డుకి పోయే ముందు విప్పి సీటు కింద దాచేవాణ్ణి. చూస్తే నవ్వుతాడని.

రెండు వారాలకు లైట్లు మళ్ళీ పోయాయి. మళ్ళీ అదే అడుగుతూ గీకాడు. మళ్ళీ పోయాయి. మూడోసారి అతను నవ్వలేదు.

"బావా, ఒట్టేసి చెప్పు. ఈ బోల్టుని ఏందో తింటంది. నువ్వేం కట్టలా?"

"ఒట్టు."

ఆ తర్వాత ఒక వాన రాత్రి నడికుడి దాటాక లైట్లు పూర్తిగా చచ్చిపోయి, లారీ రోడ్డు దిగి పత్తి చేలోకి పోయింది. ఆ చేను రైతు చేత నానా మాటలూ పడి వచ్చి టీ కొట్టులో కూర్చున్నాను. ఏమైందని అడిగారు. నా కడుపుమంటకి ఒక కథ తొడిగాను.

"ఏమవుద్ది? మావోడు నా లారీలో రాగి వైరంతా లాగేసి ఉత్త తుక్కు పెట్టాడు. వాళ్ళింట్లో బట్టలారేసే తీగ చూడండి, అది నా లారీదే!"

అందరూ పగలబడి నవ్వారు. ఒకాయన మాత్రం పనిగట్టుకుని పోయి చూశాడు. షెడ్డు వెనక రెండు గుంజల మధ్య నిజంగానే లావాటి ఎర్ర వైరు, దాని మీద చీరలు. వైరింగ్ పనివాడి ఇంట్లో కొబ్బరితాడు ఉంటుందా? కానీ వెళ్ళినాయన నవ్వకుండా తిరిగొచ్చాడు.

"ఒరేయ్, ఈడు జన్మకో నిజం చెప్పాడ్రా!"

అప్పుడే నోరు తెరిచి, ఊరికే అన్నానని చెప్పాల్సింది. టీ తాగుతూ కూర్చున్నాను.

షెడ్డు ముందు లారీలు ఆగడం తగ్గిపోయింది. అతను ఒక్కసారే వచ్చాడు మా ఇంటికి.

"బావా, ఆ తీగ సంగతి ఊరికే అన్నానని వాళ్ళకి ఒక్క మాట చెప్పు. నా షెడ్డు మూతపడేట్టుంది."

"నేను చెప్తే ఎవడు నమ్ముతాడ్రా?" అని నవ్వించబోయాను. అతను గుమ్మం దిగి వెళ్ళిపోయాడు.

షెడ్డు ఖాళీ చేసి కృష్ణ అవతల సిమెంటు ఫ్యాక్టరీలో కూలికి కుదిరాడు. సామాను ఎత్తే రోజున అతని భార్య నా లారీ దగ్గరికి వచ్చింది. చుట్ట చుట్టిన ఎర్ర వైరు సీటు మీద పెట్టింది. దానికి బట్టల క్లిప్పు ఒకటి ఇంకా వేలాడుతోంది.

"అన్నయ్యా, మీ వైరంట. చూసుకోండి. తక్కువైతే చెప్పండి."

పనిముట్ల పెట్టెలో పడేశాను.

మొన్న ఒక శనివారం మాచర్ల రోడ్డులో లారీ ఆపి నిమ్మకాయలు మారుస్తుంటే ఆ బోల్టు విరిగి నా చేతిలోకొచ్చింది. పులుపూ ఉప్పూ కలిసి వైరు కొసను పూర్తిగా తినేశాయి. అతను మూడుసార్లు అడిగిన చిలుమే అక్కడ పచ్చటి పొడిగా రాలుతోంది. దిష్టి తగలకూడదని కట్టినవే లైట్లనీ, అతన్నీ తిన్నాయి. పెట్టెంతా వెతికితే వైరన్నది ఆ ఎర్రది ఒక్కటే ఉంది. దాన్ని కోసి శుభ్రమైన చోట ఎర్త్ బిగించాను. లైట్లు మళ్ళీ మినుకుమనలేదు.

విరిగిన బోల్టు జేబులో వేసుకుని టీ కొట్టుకి పోయి ఉన్నదున్నట్టు చెప్పాను. నిమ్మకాయ ఇనుము తిన్నదనేసరికి బల్లలు చరిచారు.

"చానా బాగుంది మావా! కోళ్ళ కథ కంటే ఇదే బాగుంది. ఏదీ, ఇంకోసారి చెప్పు!"

ఇంటికొచ్చి అతనికి ఫోన్ చేశాను. అంతా విన్నాడు. తిట్టలేదు. ఒక్కటే అడిగాడు.

"ఇప్పుడు ఎర్త్‌కి ఏ వైరు కలిపావు?"

"కొత్తది కొన్నాన్రా" అన్నాను.