మాట బంద్

వేములపల్లి హైస్కూల్లో సోషల్ చెప్పే ముత్తిలింగం సారుకు పాఠం చదివి వినిపించడమంటే ఒళ్లు మంట. పోరాటాల పాఠం వచ్చిందంటే చాలు, తొమ్మిదో తరగతి పిల్లలను జట్లు చేసి ఊరి మీదికి తోలేవాడు. ఒక జట్టు ముసలివాళ్లను వెట్టి గురించి అడిగి రావాలి, ఇంకో జట్టు దొరల మీద తిరగబడ్డ సంఘం గురించి. ఆ తర్వాత విన్నదంతా క్లాసులో ఆడి చూపాలి. దొర వేషానికి మాత్రం ఏ పిల్లవాడూ ఒప్పుకోడు. అందుకని వెట్టి చేసిన తండ్రికి పుట్టిన సారే ఏటేటా భుజాన కండువా వేసుకుని దొరయ్యేవాడు.

ఎనభై ఎనిమిదిలో సంఘం నాయకురాలి వేషం తండా పిల్ల భూలిది. మాట వినని దొరకు చాకలి, మంగలి బంద్ చేసేవాళ్లని, పలకరింపు కూడా బంద్ అని ఆమె జట్టు ఊళ్లో విని వచ్చింది.

"దొర తప్పు ఒప్పుకునేదాంక ఎవ్వలు మాట్లాడొద్దు. ఇది సంఘం మాట!" అని బల్ల గుద్దింది భూలి.

సారు మురిసిపోయాడు. గంట కొట్టగానే ఆట అయిపోయిందనుకున్నాడు. పిల్లలు అనుకోలేదు. అన్నాల వేళ ఎదురుపడ్డవాళ్లు మూతి బిగించి పక్కకు తప్పుకున్నారు. సాయంత్రం గడ్డం గీయించుకోబోతే మంగలి మంగయ్య నోటి మీద వేలేసుకుని, నవ్వుతూ కత్తి పెట్టెలో పెట్టేశాడు. అతని కూతురు చిన్నిదీ ఆ క్లాసే మరి.

ఎంత బాగా నేర్చుకున్నారని సారు గర్వపడ్డాడు. మర్నాడు హాజరు పిలిస్తే కూడా చేతులెత్తారే తప్ప ఎవరూ నోరు విప్పకపోయేసరికి ఆ గర్వం కాస్తా కరిగిపోయింది. భార్య సాయమ్మ పోయాక ఆయనకు రోజు మొత్తంలో నాలుగు మాటలు దొరికేది ఈ పిల్లల దగ్గరే.

సాయంత్రం బెల్లుకు ముందు కండువా భుజం మీంచి తీసి, దొర ముందు వెట్టివాళ్లలా నడుముకు చుట్టుకుని, భూలి ముందు నిలబడ్డాడు.

"తప్పయింది తల్లీ. జర మాట్లాడుండ్రి." కళ్లు తడిశాయి.

"దొర ఒప్పుకుండు!" క్లాసంతా చప్పట్లు. "సార్, ఏడ్సుడు గూడ మస్తు జేసిండ్రు!" అంది భూలి.

సారు నవ్వాడు. అది వేషం కాదని చెప్పలేకపోయాడు.

బెల్లు కొట్టగానే పిల్లలు తలో దిక్కు పరుగెత్తారు. ఆయన బస్సెక్కి మిర్యాలగూడలో దిగి, కిరాయి గది తాళం తీశాడు. స్టవ్వు వెలిగించి ఎసరు పెట్టి, "ఇయ్యాల పోరగాళ్లే గెలిసిండ్రు సాయమ్మా," అన్నాడు.

గదిలో ఎవరూ పలకలేదు. తప్పయిందని ఇక్కడ ఎవరిని బతిమాలుకోవాలో ఆయనకు తెలియలేదు.