పులివెందులలో పోయిన హెల్మెట్

బైకు రేసుల్లో మా జిల్లాకు పేరు తెచ్చినవాడు పోయిన పదకొండో రోజున, పెద్దదినానికి, జమ్మలమడుగులో వాడి వీధి పొడుగునా ఫ్లెక్సీలు కట్టారు. ప్రతి ఫ్లెక్సీలో వాడి బొమ్మ బొటనవేలంత, కట్టించినవాళ్ల బొమ్మలు గుమ్మడికాయంత. చూస్తేనే ఒళ్లు మండిపోయింది. ప్రొద్దుటూరు నుంచి అభిమానులు సైలెన్సర్లు పీకేసిన బండ్ల మీద చెవులు చిల్లులు పడేలా మోత పెట్టుకుంటూ వచ్చారు. అది నివాళి అట. ఒక్కడి నెత్తి మీదా హెల్మెట్ లేదు.

నేను ప్రొద్దుటూరులో మెకానిక్‌ని. పన్నెండేళ్లు వాడి రేసు బండి ఇంజన్ పని చేసింది నేనే. వీళ్లు ఫ్లెక్సీల్లో రాసిన 'గాలిని చీల్చే వీరుడు' ఎవరో నాకు తెలియదు. నాకు తెలిసినవాడు రేసు మైదానం దాటితే యాభై మీద తోలేవాడు కాదు. పాలప్యాకెట్ కోసం వీధి చివరికి పోయినా హెల్మెట్ పెట్టి పట్టీ బిగించుకునేవాడు. నా షెడ్డుకు ఉత్త తలతో వచ్చినవాణ్ని నిలబెట్టి తిట్టేవాడు. నా గిరాకీ సగం వాడే చెడగొట్టాడు. నన్నూ తిట్టేవాడు, నేనే ఎప్పుడూ పెట్టుకోలేదు.

అలాంటివాడు హెల్మెట్ లేకుండా చనిపోయాడు. వాడి భార్యకు మింగుడుపడనిది అదే. ఆసుపత్రి దగ్గర ఆమె ఏడవలేదు. నన్ను నిలదీసింది.

"ఊరందరికీ చెప్పినాడు కదన్నా, ఆయన ఎందుకు పెట్టుకోలే? నేనూ బిడ్డా గుర్తుకు రాలేదా?"

వాడి వెనక కూర్చుని వచ్చింది నేనే. నాకు తెలియక కాదు. "ఏమోమ్మా" అన్నాను. పది రోజులు ఆ అబద్ధం చాటున బతికాను. పది రోజులూ ఆమె చచ్చిపోయినవాణ్ని తిడుతూనే ఉంది.

జరిగింది ఇది. పులివెందులలో వాడికి సన్మానం చేశారు. గజమాల వేయాలంటే హెల్మెట్ తీయాలి కదా. తీశాడో లేదో, ఎవరో అందుకుని సెల్ఫీలు మొదలుపెట్టారు. మా వైపు పిల్లలకు భయం పోవాలని దర్గాకు తీసుకుపోయి నెమలీకలతో తట్టిస్తారు. ఆ రోజు తల్లులు వరుస కట్టి, వాడి హెల్మెట్‌ను చంటిపిల్లల నెత్తిన పెట్టించారు, ధైర్యం వస్తుందని. వాడూ మొహమాటానికి నవ్వుతూ నిలబడ్డాడు. జనం పలచబడేసరికి హెల్మెట్ మాయమైంది.

వాడు వేదిక మెట్ల మీద కూర్చుండిపోయాడు. "అది లేకుండా నేను యాడికీ రాను భాయ్" అన్నాడు. గంట గడిచింది.

"అంత స్పీడుగా తోలేటోనికి టోపీ లేకుంటే భయమేందప్పా?" అని సన్మానం చేసినవాళ్లే నవ్వారు.

షెడ్డులో ఎవరిదో ఇంజన్ విప్పి పెట్టి వచ్చాను, సాయంత్రానికి ఇస్తానని మాటిచ్చాను. "మనోళ్లే తీసుకోని ఉంటారులేప్పా, రేపు వస్తాది. మెల్లగా పోదాం, పా" అన్నాను. ఒకసారి కాదు, నాలుగుసార్లు. అంగడిలో కొత్తది చూద్దామంటే దానికీ విసుక్కున్నాను. చివరికి లేచాడు.

మెల్లగానే తోలాడు. ముద్దనూరు దాటాక, మసక చీకట్లో, కడప బండలు ఎత్తిన ట్రాక్టర్ ఒకటి రోడ్డు మీదే ఆగి ఉంది. వెనక లైటు లేదు. నాకు మోకాలు చీరుకుపోయింది, అంతే. వాడి తల ట్రాలీ అంచుకు కొట్టుకుంది.

పెద్దదినాన పటం ముందు వాడికిష్టమైనవి వండి ఆకులో పెట్టాలి. వాడి భార్య పెట్టనంది. "తన తలకాయ మీద తనకే లెక్కలేదు. నేనెందుకు పెట్టాల?" అని మూలన కూర్చుంది. అత్తే పెట్టింది.

అప్పుడు పులివెందుల నుంచి ఒక పెద్దమనిషి కారు దిగాడు. చేతిలో ఇత్తడి తట్ట. తట్టలో వాడి హెల్మెట్. పసుపు రాసి, కుంకుమ పెట్టి, మల్లెదండ చుట్టి తెచ్చాడు.

"ఆ పొద్దు నుంచి మా దేవుని గూట్లోనే పెట్టినామప్పా. దినామూ అగరొత్తులు ముట్టిస్తాండాం" అన్నాడు గర్వంగా.

నాకు రక్తం తలకెక్కింది. "నీ భక్తి తగలబడ! దీనికోసమే గదరా వాడు గంట కూర్చునింది. ఇప్పుడు తెచ్చినావే, పెట్టేదానికి తల యాడుంది?"

ఆమె మూల నుంచి లేచి వచ్చింది. "ఏందన్నా?" అంది.

అంతా చెప్పాను. అతణ్ని తిట్టినంత సులువుగా నా తప్పు నోటికి రాలేదు. "ఎత్తుకపోయింది వీళ్లు. పా, పా అని బయల్దేరదీసింది నేను" అన్నాను.

ఆమె పటం ముందు కూలబడింది. "ఊరికే తిట్టినా కదయ్యా నిన్ను" అని, పదకొండు రోజుల ఏడుపు ఒక్కసారే ఏడ్చింది. తర్వాత తట్టలోని హెల్మెట్ తీసుకుని, దండ తెంపి పారేసి, పసుపు కుంకుమ కొంగుతో తుడిచి నా చేతిలో పెట్టింది.

"ఇది పెట్టుకొని ఇంటికి పో. నా మాదిరి నీ పెండ్లాం ఎవురినీ అడగాల్సిన పని రాకూడదు. మళ్లా ఈ వాకిలి తొక్కొద్దు."

ప్రొద్దుటూరు దాకా పెట్టుకునే పోయాను. పన్నెండేళ్ల స్నేహితుడి చెమట వాసన కాస్తయినా ఉంటుందేమోనని దారంతా చూశాను. అగరొత్తుల వాసన తప్ప ఏమీ లేదు.