పన్నె పుల్లతో తిరిగిన చంద్రుడు

జగిత్యాలలో ఆ గడియారాల దుకాణం అద్దాల తలుపు తోసుకుని కోపంగా బయటికి వచ్చేశాను. కౌంటర్ వెనుక టై కట్టుకున్నాయన అన్న మాట అలాంటిది.

"తాతా, లోపలి మిషన్ తీసేసి బ్యాటరీది ఏస్తం. డయల్ గదే ఉంటది. ఎవ్వరికి తెల్వది."

"నాకు తెలుస్తది గదా."

"నీకు తెలిస్తే ఏమైతది తాతా?"

సిరిసిల్లలో నలభై ఏళ్లు మరమగ్గాలు నడిపినవాణ్ణి. చదివింది ఐదో తరగతి. గల్ఫ్ నుంచి వచ్చినవాళ్ల దగ్గర కీ ఇచ్చే చేతి గడియారాలు వెతికి కొనడం నా పిచ్చి. టైము ఒక్కటే చెప్పేవి నాకు పనికిరావు. ఒకటి అలారం మోగిస్తుంది, ఒకటి రెండు దేశాల టైము చూపుతుంది. వాటి కాగితాలు చదవడానికే డిక్షనరీ పక్కన పెట్టుకుని ఇంగ్లీషు నేర్చుకున్నాను. టైము చెబితే చాలదా అని నవ్వేవాళ్లున్నారు. మనిషికి తిని పడుకుంటే చాలదా మరి?

దుకాణానికి తీసుకెళ్లినది అన్నిటిలోకీ అరుదైనది. డయల్ కింది చిన్న కిటికీలో చంద్రుడు రోజుకింత పెరిగి, రోజుకింత తరుగుతాడు. మేడిపల్లిలోని నా మిత్రుడికి, గల్ఫ్‌లో అతను డ్రైవర్‌గా చేసిన షేకు సొంత చేతి నుంచి తీసి ఇచ్చాడట. మిత్రుడు రోజూ పొద్దుగూకాక ఆకాశం చూసి, పక్కనున్న మీట నొక్కి చంద్రుణ్ణి సరిచేసేవాడు. చీకటి పడ్డాక లోపలి చక్రం తన పని మొదలుపెడుతుంది, అప్పుడు మీట ముట్టకూడదు. ఆ సంగతి కాగితంలో ఉంటుంది. షేకు గడియారం ఇచ్చాడు గానీ కాగితం ఇవ్వలేదు. ఒకనాడు లోపల టక్కుమంది. అప్పటి నుంచి సగం చంద్రుడే.

"నువ్వే ఉంచుకో బావా," అని మూడేళ్ల కింద నా చేతిలో పెట్టాడు. "తిరిగిననాడు ఒక్కపారి సూపియ్యి." మాట ఇచ్చాను. ఆ తర్వాత ఎక్కడ కలిసినా ఒకటే ఎత్తిపొడుపు: "ఏం బావా, పున్నమైందా?"

జగిత్యాల నుంచి నేరుగా కోరుట్ల బస్సెక్కాను. అక్కడ పాత గడియారాలు బాగుచేసే సాబు ఒకాయన నాకు తెలుసు. జగిత్యాల సంగతి చెప్పి గడియారం ఆయన చేతిలో పెట్టాను.

"నా కండ్లు అయిపోయినయ్ భాయ్," అన్నాడు. "మా బిడ్డకు సూపియ్యి."

బిడ్డ పక్క బల్ల మీద సెల్‌ఫోన్లు బాగుచేస్తుంది. ఫోన్లు విప్పే చేతులకు దీన్ని ఇవ్వడానికి నాకు మనసొప్పలేదు, దాచడమెందుకు. ఆమె మాత్రం మైక్రోస్కోపు కింద పెట్టి చాలాసేపు చూసింది.

"చాచా, మిషన్ మంచిగనే ఉన్నది. చంద్రుని చక్రాన్ని పట్టుకునే సన్న స్ప్రింగ్ ఇరిగింది. గంతే. గింత పల్చటి ఉక్కు దొరికితే నేనే రుద్ది ఏస్త."

ఆ పల్చదనం నాకు తెలుసు. మగ్గంలో పోగులను విడదీసే దువ్వెన లాంటి పన్నెకు వరుసగా ఉండేవి అలాంటి ఉక్కు పుల్లలే. మర్నాడే సిరిసిల్ల నుంచి పాత పన్నె ఒకటి చంకన పెట్టుకుని వెళ్లాను.

సాబు నవ్వాడు. "బ్యాటరీ వద్దని గంత లొల్లి జేస్తివి. మగ్గం పుల్ల ఒప్పుకుంటవా?"

నాకూ గుచ్చుకుంది. కొనేవాడెవడైనా ఇది చూస్తే నకిలీ ముక్క అంటాడు. అయినా పన్నెను ఆ పిల్ల బల్ల మీద పెట్టాను.

"బ్యాటరీ ఏస్తే పానం తీసినట్టు సాబ్. గిది ఏస్తే పానం నిలుస్తది."

పుల్లలు చాలా విరిగాయి. పదకొండో రోజు, ఒకటి సరిపోయిందని సాబు బిడ్డ ఫోన్ చేసింది. వెళ్లేసరికి చంద్రుణ్ణి ఎక్కడి నుంచి మొదలుపెట్టాలన్న తగాదా వచ్చింది. నెలవంక కనబడిన రోజే లెక్క అంటాడు సాబు, అమావాస్యే లెక్క అంటాను నేను.

"మీరిద్దరు కొట్లాడుకుంట కూసోండ్రి," అంది బిడ్డ. "ఇయ్యాల పున్నమ. దాంట్ల లొల్లి లేదు గదా." నిండు చంద్రుణ్ణి పెట్టి మూత బిగించింది.

ఆ సాయంత్రమే మేడిపల్లి వెళ్లాను. పసుపు చేను మీద చంద్రుడు అప్పుడే లేస్తున్నాడు. మిత్రుడు ఆకాశం వైపు చూశాడు, గడియారం వైపు చూశాడు. వేలు మీట దగ్గరికి పోయింది. చేతి మీద ఒక్కటి వేశాను.

"పొద్దుగూకినంక ముట్టకు. ఒక్కపారి సూపిస్తే ఏం తెలుస్తది, తిరిగేది సూడాలె. అమాస దాక నీ కాడనే ఉండనియ్యి."

కీ ఇవ్వడం మాత్రం మరిచిపోవద్దన్నాను. ఇంటికి వచ్చానే గాని ప్రాణమంతా ఆ పన్నె పుల్ల మీదే. పదిహేను రోజులూ నేను ఫోన్ చేయలేదు, అతనూ చేయలేదు. అమావాస్య నాడు పొద్దున్నే ఫోన్ మోగింది.

"బావా, కిటికీల చంద్రుడు లేడు."

"అసలే లేడా?"

"గోరంత గూడ లేడు. ఒట్టి నీలం. మళ్ల పున్నమ గూడ సూసి ఇస్త తియ్యి."

"సూడు," అన్నాను.