పేరు లేని చేయి

నా చదువు సంతకం వరకే. సాయంత్రం మగ్గం దిగి, నేను కండెలు చుడుతుంటే నవలలు చదివి వినిపించేవాడు మా ఆయన. ఆయన పోయాక వినడమూ పోయింది.

మొన్న ధర్మవరం బస్సులో పక్క సీటులోని అమ్మాయి చేతిలో కొత్త నవల కనిపించింది. అట్ట మీద మా ఆయనకు ఇష్టమైన రచయిత ఫోటో.

"రొంత చదివి వినిపీ పాపా," అన్నాను.

మళ్లీ మా ఆయన గొంతు వినబడుతుందని ఆశ. రెండు పేజీలు విన్నా ఆ రచయిత మాటల తీరు రాలేదు.

"ఇది ఆయన రాసింది కాదు."

"ఔ పెద్దమ్మా. ఆయన పోయి శానా ఏండ్లాయ. ఎవురితోనో రాయించినామని అచ్చేసినోళ్లు లోపల సన్నక్షరాల్లో ఏసినారు. రాసినోళ్ల పేరు లేదు. నేనూ ఆయనదే అనుకోని కొంటి."

నాకు ఒళ్లు మండింది.

"రేపు నా మొగుని చొక్కా తొడుక్కోని ఎవడో వచ్చి, నేనే నీ మొగున్ని అంటే సంగటి పెట్టాల్నా?"

బస్సంతా నవ్వింది.

"మా ఇంటాయన సగం నేసి పోయిన చీరను మా మరిది ముగించినాడు. చెయ్యి యాడ మారిందో షావుకారికి చూపించే అమ్మినాం. రాసినోని పేరు ఏసేకి ఈళ్లకేం రోగం?"

ఆ అమ్మాయి నవ్వలేదు. పెన్ను తీసి అట్ట మీది పేరు కొట్టేసింది. కింద ఎవరి పేరు రాయాలో తెలియక, నేను దిగేదాకా పెన్ను అట్లాగే పట్టుకుని కూర్చుంది.