కోల్‌ఫిన్నా గోడలోని ఇంటిబాతు

మా మీవాట్న్ సరస్సు ఒడ్డున కోల్‌ఫిన్నా తిట్టడం మొదలుపెడితే దోమలు కూడా అవతలి ఒడ్డుకు పోయేవి. నేను చూశాను కాబట్టి చెబుతున్నాను. భర్త పోయాక ఆమె, మరిది హ్యాల్మార్ పొలాన్ని రెండుగా పంచుకున్నారు. మధ్యలో నల్లరాతి గోడ మిగిలింది. ఆ గోడ కన్నంలో ఏటా మే నెలలో ఇంటిబాతు గుడ్లు పెట్టేది.

పసుపు కళ్ళ బాతు అది. రాళ్ళ సందుల్లో, గొర్రెల కొట్టం గోడల్లో కాపురం పెడుతుంది కాబట్టే దానికా పేరు. నీళ్ళలో మునిగి పురుగులు తింటుంది. పైగా దొంగబుద్ధి. తన గుడ్లు పక్క బాతు గూట్లో పెట్టి పోతుంది. మేం గుడ్లు తీసుకుంటాం కానీ గూట్లో నాలుగు తప్పక వదులుతాం. ఆ నాలుగూ తీసినవాణ్ని మా ఊళ్ళో ఎవరూ కాఫీకి పిలవరు. బాతు వదిలేసిన ఇంటికి బరకత్తు ఉండదని కోల్‌ఫిన్నా నమ్మకం. ఆ బాతు తనదే కావాలి.

ఆ కన్నానికి రెండు వైపులా నోరుంది. అతను ముందొచ్చి తీసుకుపోతే, ఆమె ఇటునుంచి చెయ్యి పెట్టినప్పుడు నాలుగే తగిలేవి. ఆమె ముందొస్తే అతనికి అటునుంచి నాలుగే.

"దొంగ వెధవ, మిగిలినవన్నీ వాడే మింగుతున్నాడు" అనేది ఆమె.

"మా వదిన కడుపా, సరస్సా?" అనేవాడు అతను.

పదకొండేళ్ళు ఇదే. ఒక ఉదయం హ్యాల్మార్ చేపల వల తీయడానికి వెళ్ళగానే కోల్‌ఫిన్నా గోడ దాటి, అతని వైపు కన్నానికి రాయి బిగించింది. మధ్యాహ్నం ఆమె భూమిలోని ఆవిరికి ఉడకాలని వేడినేలలో పాతిన రొట్టె తవ్వుకోవడానికి పోతే, హ్యాల్మార్ వచ్చి ఆమె వైపు నోరు మూశాడు. బాతు ఇటు కాకపోతే అటు పోతుందిలే అనుకున్నారు ఇద్దరూ. లోపల అది గుడ్ల మీదే ఉంది.

సాయంత్రం తమ తమ వైపు బిగించి ఉన్న రాయి ఇద్దరికీ కనబడింది. ఇద్దరూ పరుగెత్తి ఒకేసారి లాగారు. కన్నంలో ముఖాలు ఎదురుపడ్డాయి. మధ్యలో బాతు.

"చంపేద్దామనుకున్నావురా పాపిష్ఠివాడా!"

"నీ రాయి నా కాళ్ళ దగ్గరే పడుంది వదినా. ముందు దాన్ని అడుగు."

"నేను ఏనాడూ నాలుగు వదలకుండా రాలేదు!"

"నేనూ వదిలాను!"

"అబద్ధం!"

"సరే, అది ఎటు పోతే వాళ్ళది. ఒప్పుకుంటావా?"

"ఒప్పుకున్నాను."

బాతు విసుగు బాతుది. కోల్‌ఫిన్నా వైపు దూకి, ఆమె ముఖాన రెట్ట చిమ్మి, రెక్కలతో ఈలవేసుకుంటూ సరస్సు మీదికి పోయింది.

"గెలిచావు వదినా" అన్నాడు హ్యాల్మార్. "ముఖం కడుక్కో."

అది మళ్ళీ రాలేదు. గుడ్లు చల్లబడ్డాయి.

మరుసటి మే నెలలో ఆమె కన్నంలో చెయ్యి పెట్టింది. ఈకలు లేవు, గుడ్లు లేవు. ఇంకా లోపలికి తోసింది. వెచ్చగా ఏదో తగిలితే గట్టిగా పట్టుకుంది. అది ఆమె వేళ్ళను అంతకన్నా గట్టిగా పట్టుకుంది.

"దొంగ దొరికాడు!" అని ఇటునుంచి ఆమె అరిచింది.

"దొంగ దొరికింది!" అని అటునుంచి అతను అరిచాడు.

మేం పోయి విడదీసేదాకా ఇద్దరూ వదల్లేదు.